టవలు కింద ఐదు వేళ్ళు

నందికొట్కూరులో మా పచారీ అంగడికి సంత రోజు వచ్చే పల్లెవాళ్ళు చీటీలు తెచ్చేవాళ్ళు కాదు. మెట్టు మీద నిలబడి, కావలసినవన్నీ ఊపిరి తిప్పుకోకుండా వరుసగా చెప్పేసి, సంచి మా ముందు పడేసి వెళ్ళిపోయేవాళ్ళు. తిరిగి వచ్చేసరికి అది నిండి ఉండాలి. ఉప్పు మరిచిపోతే వారం దాకా ఆ ఇంట్లో ఉప్పు ఉండదు. మా నాయన ఏదీ రాసుకునేవాడు కాదు. వాళ్ళు చెబుతుంటే ఆయన బొటనవేలు చిటికెన వేలి దగ్గర మొదలుపెట్టి ఒక్కో వేలినీ తాకుతూ పోయేది. ఒక్కో వేలికి ఒక్కో వస్తువు. ఐదు దాటితే రెండో చెయ్యి.

నాకూ అదే నేర్పాడు. "తలకాయను నమ్మొద్దురా, అది మంది మాటలకు పోతాది. వేలు యాడికీ పోదు" అనేవాడు.

వయసులో ఉన్నప్పుడు ఆయన ఎద్దుల సంతల్లో దళారీగా కూడా తిరిగాడు. అక్కడ బేరం నోటితో జరగదు. కొనేవాడి చేతి మీద, అమ్మేవాడి చేతి మీద ఒకే టవలు కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకొని ధర చెప్పుకుంటారు. చుట్టూ ఎంతమంది నిలబడినా తెలియదు. నోరు మాత్రం వానల గురించి మాట్లాడుతూ ఉంటుంది. ఆ అలవాటు వల్ల నాయన భుజం మీద టవలు ఎప్పుడూ ఉండేది. ఈ రెండు విద్యలూ నేను తరువాత ఎందుకు వాడుకున్నానో చెప్పాలి. చెప్పకుండా చాలా ఏళ్ళు ఉన్నాను.

అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వస్తున్న కాలం అది. నాయనకు మరుపు మొదలైంది. బెల్లం అడిగితే చింతపండు కట్టేవాడు. ఒక మధ్యాహ్నం భోజనానికి ఇంటికి బయలుదేరి, రెండు సందుల అవతల ఎవరి గుమ్మం ముందో చెప్పులు విప్పి నిలబడ్డాడు. ఒక సంత రోజు ఒకామె సంచి తిరిగి తెచ్చి, తాను అడిగినవి ఇందులో ఒక్కటీ లేవని మెట్ల మీద కుమ్మరించింది. అంగడి నిండా జనం. నేను నాయన మీద అరిచాను. అంగడి ముంచడానికి కూర్చున్నావా అన్నాను. అందరూ చూస్తుండగానే చెయ్యి చాపి తాళాల గుత్తి ఇమ్మన్నాను. ఆయన మొలతాడు నుంచి దాన్ని విప్పి నా చేతిలో పెట్టాడు. కూర్చొని తన కుడి చేతి వేళ్ళకేసి చూసుకున్నాడు, అవి ఎవరివో అన్నట్టు.

ఆ చూపు నన్ను వదలలేదు. నాయన మళ్ళీ మామూలు మనిషి కావాలి, కనీసం నేను ఆ గుత్తి తిరిగి ఇస్తే అదేమిటో ఆయనకు తెలిసేంత కాలమైనా కావాలి అనుకున్నాను. ఆ తరువాత చేసినదంతా ఈ కోరిక మీదే చేశాను. దాన్ని ప్రేమ అనుకున్నాను. అందులో ఎక్కువ పాలు నా అవమానమే.

కర్నూలులో ఆయనను చూస్తున్న డాక్టరు ఒకరోజు కొత్త మందు సంగతి చెప్పాడు. మతిమరుపు జబ్బుకు తయారుచేసిన మాత్ర. జబ్బు లేని కొద్దిమంది మీద చూశారు, జబ్బు ఉన్నవాళ్ళకు ఇవ్వడం ఇదే మొదలు. ఆయన దాచిందేమీ లేదు. "ఇది వైద్యం కాదు, పరీక్ష. గుణం కనిపిస్తుందో లేదో మాకు తెలియదు. మనిషికి చెడు జరగకుండా ఎంతవరకు ఇవ్వవచ్చో ముందు తెలుసుకోవాలి" అన్నాడు. కాగితాలన్నీ తెలుగులో చదివి వినిపించి, మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి అని నన్ను అడిగాడు. గడగడా అప్పజెప్పాను. అప్పజెప్పడం మా ఇంటి విద్య.

రెండు షరతులు ఉన్నాయి. ఒకటి, మరుపు మరీ ముదిరి ఉండకూడదు. రెండోది, ఇంట్లో కలిసి ఉండే మనిషి ప్రతిసారీ వెంట వచ్చి, చూసింది చూసినట్టు చెప్పాలి. "ఇలాంటి జబ్బులో రోగికి తనకేం జరుగుతుందో తెలియదు. మేం మీ కళ్ళతోనే చూస్తాం. ఈ గుంపుకు చిన్న డోసు. వీళ్ళకేమీ కాలేదని తేలితేనే తరువాతి గుంపుకు పెంచుతాం" అన్నాడు. ఆ చివరి మాట నేను విన్నాను. విన్నానని ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

ఆ రోజే డాక్టరు దగ్గర పనిచేసే ఒక అమ్మాయి నాయనను చిన్నగా పరీక్షించింది. ఐదు మాటలు చెప్పింది. గొడుగు, పాలు, కిటికీ, ఎద్దు, దారం. కాసేపు ఊరి సంగతులు మాట్లాడించి, ఆ ఐదూ మళ్ళీ చెప్పమంది. నాయన పాలు అన్నాడు. తరువాత పైకప్పుకేసి చూస్తూ ఉండిపోయాడు. వచ్చే వారం పూర్తి పరీక్ష ఉంటుందని, ఇంతే అయితే తీసుకోవడం కష్టమని డాక్టరు అన్నాడు. వెనక కుర్చీలో కూర్చున్న నాకు ఐదు మాటలూ గుర్తున్నాయి. మళ్ళీ అవే అడుగుతారని ఎవరూ చెప్పలేదు. అడగవచ్చని వ్యాపారం చేసే బుర్ర లెక్క వేసింది.

ఆ వారమంతా మధ్యాహ్నం పూట, అంగడి వెనక మూటలు పేర్చిన గదిలో నాయనను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. చిటికెన వేలు పట్టుకొని గొడుగు అన్నాను. ఉంగరపు వేలు పాలు. నడిమి వేలు కిటికీ. చూపుడు వేలు ఎద్దు. బొటనవేలు దారం. ఆయన చిన్నపిల్లాడిలా వెంట పలికాడు. మూడో రోజుకు వేలు తాకితే మాట వచ్చేది. ఆయనకు హుషారు కూడా వచ్చింది.

"ఏమిరా, గొడుగు, ఎద్దు మనం అమ్మేటివి కాదు గదా. ఎవురిది ఈ సంచి?" అన్నాడు.

ఆయన వైపు నుంచి అది సరైన ప్రశ్నే. వేళ్ళ మీద వస్తువులు ఎక్కాయంటే సంచి ఉండాలి, సంచి ఉందంటే మనిషి ఉండాలి. నేను నవ్వి, "ఒకాయప్పది నాయనా. మల్ల వస్తానని చెప్పిపోయినాడు" అన్నాను.

నోటికొచ్చింది అన్నాను. అంతకు మించి ఏమీ లేదు.

పరీక్ష రోజు ఆయన ఒంటరిగా లోపలికి పోనని మొండికేస్తే నన్ను పక్కన కూర్చోనిచ్చారు. అవే ఐదు మాటలు. గొడుగు, పాలు అని ఆగిపోయాడు. ఆయన చెయ్యి మా ఇద్దరి మధ్య ఉంది, దాని మీద టవలు ఉంది. నేను టవలు కింద నడిమి వేలు నొక్కాను. కిటికీ అన్నాడు. చూపుడు వేలు నొక్కాను. బొటనవేలు నొక్కాను. ఆ అమ్మాయి సంతోషంగా రాసుకుంది. నా నోరు మాత్రం ఈ ఏడు కూడా వానలు లేవని ఏదో అంటూ ఉంది.

మాత్రలు మొదలయ్యాయి. మొదటి నెలలో నాయన తేటపడ్డాడు. నా భార్యను చాలా రోజుల తరువాత పేరు పెట్టి పిలిచాడు. అంగడిలో కూర్చొని పాత పేపర్లతో పొట్లాలు చుట్టాడు, ఒక్కటి కూడా జారలేదు. గుత్తి తిరిగి ఇవ్వడానికి మంచిరోజు చూసుకుంటున్నాను.

మా దగ్గర ఎండాకాలం మధ్యాహ్నం వీధిలో మనిషి కనబడడు. అంగళ్ళ తలుపులు సగం మూసుకుంటాయి. నాపరాళ్ళ మీద నుంచి సెగ లేచి, ఎదురింటి గోడ నీళ్ళలో ఉన్నట్టు కదులుతుంది. అలాంటి వేళ నాయన వెనక గదిలో కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. నేను లెక్క చూసుకుంటున్నాను. "వచ్చినాడురా" అన్నాడు. ఎవరని అడిగాను.

"సంచి ఆయప్ప."

నాకు వెంటనే అర్థం కాలేదు. లేచి వెళ్ళి చూశాను. కిటికీ అవతల మా పెరటి గోడ, దాని మీద ఎండ. అంతే. ఎక్కడున్నాడని అడిగితే, గోడ దగ్గర గొడుగు పట్టుకొని నిలబడుకున్నాడని చెప్పాడు. మనిషి ఎట్లా ఉన్నాడని అడిగాను. గొడుగు బాగా కిందికి పట్టుకున్నాడు, మొగం కనపడదు అన్నాడు. ఏమంటున్నాడని అడిగాను. ఏమీ అనడు, నా పక్కే చూస్తాండాడు అన్నాడు.

"మొగం కనపడదంటివి గదా నాయనా. చూస్తాండాడని ఎట్ల తెలుసు?"

"నువ్వు నా వెనక నిలబడుకుంటే నాకు తెలీదా?" అన్నాడు, కిటికీ మీద నుంచి చూపు తిప్పకుండా.

ఆ తరువాత అది రోజూ జరిగింది. మధ్యాహ్నం కాగానే నాయన వంటింట్లోకి వెళ్ళి గ్లాసులో పాలు పోయించుకొని వచ్చి కిటికీ గట్టు మీద పెట్టేవాడు. పొట్లాలు కట్టే దారం ఉండ నుంచి ఒక పోగు తెంచి కిటికీ ఊచకు కట్టేవాడు. వారానికి ఊచ నిండా తెల్లటి ముడులు. పాలూ దారమూ ఇచ్చాను, ఎద్దు మన దగ్గర లేదని ఎన్ని సార్లు చెప్పినా ఆయప్ప పోవడం లేదు అని నాతో గుసగుసగా అనేవాడు. అనేటప్పుడు ఆయన గొంతులో భయం ఉండేది కాదు, సిగ్గు ఉండేది. అడిగిన సరుకు ఇవ్వలేని వ్యాపారస్తుడి సిగ్గు. సాయంత్రానికి గ్లాసు ఖాళీగా ఉండేది. పిల్లి తాగుతోందని నా భార్య అనేది. పిల్లిని నేను ఎప్పుడూ చూడలేదు.

ఆమె మొదటి వారమే చెప్పింది, డాక్టరుకు చెప్పమని. మందు పడకనే ఇట్లా అవుతున్నదేమో అంది. నేను కాదన్నాను. ఆమెకు తెలియనిది నాకు తెలుసు. గొడుగు, పాలు, కిటికీ, దారం, అన్నీ నేను పెట్టినవే. ఆ మనిషిని కూడా నేనే పెట్టాను. ఇందులో మందు చేసిందేముంది? డాక్టరుకు చెబితే ఈ మాటలు ఎక్కడివని అడుగుతాడు, నేను వేళ్ళు నొక్కిన సంగతి బయటపడుతుంది, నాయనను తీసేస్తారు. ఇప్పుడిప్పుడే పేర్లు గుర్తుపడుతున్నాడు. ఇలా ఒక్కో కారణాన్నీ ఒక్కో వేలి మీద ఎక్కించుకున్నాను. "నువ్వు చెప్పకపోతే నేను చెప్తా" అంది నా భార్య. "చెప్పు. మామను నువ్వే మంచాన పండబెట్టినదానివి అవుతావు" అన్నాను. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆమె నోరు మూయించిన పద్ధతి కూడా నా తప్పుల్లోనిదే.

తరువాతిసారి డాక్టరు తిన్నగా అడిగాడు. లేనివి కనబడుతున్నట్టు చెబుతున్నాడా? ఎవరో ఉన్నట్టు మాట్లాడుతున్నాడా? నాయన నా పక్కన కూర్చొని ఉన్నాడు. ప్రశ్న విని నోరు తెరిచాడు. చెప్పబోతున్నాడని నాకు తెలిసింది. టవలు కింద ఆయన వేళ్ళు నా వేళ్ళ కోసం వెతుకుతున్నాయి, ఏం చెప్పాలో నొక్కి చెబుతానని. నేను ఏ వేలూ నొక్కలేదు. అరచెయ్యి మొత్తం మూసి గట్టిగా పట్టుకున్నాను, బేరం అయిపోయినప్పుడు దళారీ పట్టుకున్నట్టు. ఆయన నోరు మూసుకున్నాడు.

"ఏం లేదు సార్. బాగుండాడు" అన్నాను.

ఆ రోజే వరండాలో బెంచీ మీద ఆలూరు వైపు నుంచి వచ్చిన ఒక రైతు, అతని తల్లి కనిపించారు. వాళ్ళది రెండో గుంపు. మాత్రలు అప్పుడే మొదలుపెట్టబోతున్నారు. అతను నా వయసువాడే. ఎండకు కమిలిన మెడ, ఉతికిన చొక్కా. తల్లి చిన్న మనిషి, నోట్లో వక్కాకు. ఆమె నాయనను చూసి పలకరింపుగా తల ఊపి, "ఈ మాత్ర మింగితే మా అత్త పెట్టిన బాధలన్నీ మల్ల గుర్తుకొస్తాయేమో, వద్దులేరా అంటే మావాడు ఇంటే గదా" అంది. అందరం నవ్వాం. నాయన కూడా నవ్వాడు.

కొడుకు నా పక్కకు జరిగి గొంతు తగ్గించి అడిగాడు. "మీ నాయన మొదటి గుంపంట గదా సావుకారీ. ఏమన్నా అయిందా?"

"ఏం కాలేదప్పా. బాగుండాడు."

"నువ్వు సెప్తివి, సాలు. డాక్టర్లు శానా సెప్తారు, మనకేం తెలుస్తాది. ఇంట్లో మనిషి సెప్తే అది మాట" అన్నాడు. లోపల నుంచి పిలిస్తే తల్లి చెయ్యి పట్టుకొని తీసుకుపోయాడు.

మళ్ళీ వాళ్ళను చూసింది వానాకాలం మొదట్లో. వాన లేదు, పేరుకే కాలం. ఆమె బెంచీ మీద కొంచెం పక్కకు తిరిగి కూర్చొని, ఖాళీగా ఉన్న చోటును చేత్తో తుడుస్తోంది. ఎవరికో జాగా ఇస్తున్నట్టు. కొడుకు నన్ను నీళ్ళ కుళాయి దగ్గరికి పిలిచాడు. తల్లి పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఒక పళ్ళెంలో సంగటి పెట్టి వాకిట్లో పెడుతోందట. ఎవరో ఆడమనిషి వచ్చి నిలబడుతోందట.

"మొగం కనపడదంట సావుకారీ. కొంగు కిందికి కప్పుకొని ఉంటాదంట. మాట్లాడదంట. మా యమ్మనే చూస్తాంటాదంట."

కుళాయి కింద పెట్టిన నా చెయ్యి అలాగే ఉండిపోయింది. ఈ ముసలమ్మకు నేను ఏ మాటలూ నేర్పలేదు. ఏ వేలూ నొక్కలేదు. ఏ సంచీ అప్పజెప్పలేదు. అయినా ఆమె వాకిట్లోకి మొగం లేని మనిషి వచ్చి నిలబడింది. గొడుగు నాది కావచ్చు, పాలు నావి కావచ్చు. ఆ గొడుగు కింద నిలబడ్డది నాది కాదు.

"మీ నాయనకు గూడా ఇట్ల ఏమన్నా అయిందా? నిజం సెప్పప్పా" అన్నాడు అతను.

అతను అడిగిన తీరులో ఆశ ఉంది. అయిందని నేను అంటే అతనికి దారి దొరికేది. నా నోటి దాకా వచ్చింది. అదే సమయంలో వరండాలో నాయన నన్ను పేరు పెట్టి పిలిచాడు. స్పష్టంగా, పాత గొంతుతో, అంగడిలో నుంచి పిలిచినట్టు. ఎన్నాళ్ళకో పిలిచాడు. మాత్ర ఆగిపోతే ఆ పిలుపు కూడా ఆగిపోతుందని అనిపించింది.

"లేదప్పా" అన్నాను.

అతను తల ఊపాడు. "అట్లయితే ఇది మందుది కాదు. గాలి సోకింటాది. లోపల సెప్తే నవ్వుతారు. మంత్రాలయం పిల్చుకపోయి, ఆడ కొన్ని పొద్దులు సేవ సేపిస్తా" అన్నాడు. నాకు థ్యాంక్స్ కూడా చెప్పాడు. తరువాత లోపలికి వెళ్ళి డాక్టరుతో అంతా బాగుందని చెప్పి ఉంటాడు. నేను నేర్పింది అదే.

ఆ తరువాతిసారి బెంచీ ఖాళీగా ఉంది. డాక్టరు మమ్మల్ని లోపలికి పిలిచి, నాయనను పరీక్షించకుండానే నా ఎదురుగా కూర్చున్నాడు. ఆలూరు వైపు నుంచి వచ్చే ఒకామె మిట్టమధ్యాహ్నం మిద్దె ఎక్కి, ఎవరికో నీళ్ళు ఇవ్వడానికని అంచు దాటి అడుగు వేసిందని చెప్పాడు. నడుము కింద ఎముక విరిగింది, ఇక నడవకపోవచ్చు. కారణం తెలిసేదాకా అందరికీ మందు ఆపుతున్నామని, ఇంట్లో చూసింది ఏదైనా ఉంటే ఇప్పుడైనా చెప్పమని అడిగాడు.

అప్పుడు చెప్పాను. వేళ్ళతో మొదలుపెట్టి అన్నీ చెప్పాను. ఆయన కోప్పడతాడని ఎదురుచూశాను. ఎప్పటి నుంచి అని మాత్రం అడిగాడు. రెండో నెల నుంచి అన్నాను. ఆయన నాయన కాగితాలు తెరిచి ఆ నెల దగ్గర వేలు పెట్టాడు.

"ఆమెకు డోసు పెంచింది మీ నాయనలాంటి వాళ్ళకు ఏమీ కాలేదన్న మాట మీద" అన్నాడు.

మందు ఆపిన కొద్ది వారాలకు కిటికీ దగ్గరికి ఆయప్ప రావడం మానేశాడు. నేను తేలికపడాల్సింది. కానీ నాయన మధ్యాహ్నం కాగానే అక్కడికే వెళ్ళి కూర్చునేవాడు. పాలు పెట్టి, తల వంచి, గొడుగు కిందికి తొంగి చూసే మనిషిలా పెరట్లోకి చూసేవాడు. రాలేదేమని అడిగేవాడు. ఆ అడగడం కూడా తగ్గిపోయింది. మాటలు ఒక్కొక్కటే పోయాయి. చలికాలానికి ఆయన దగ్గర మిగిలినవి నేను నేర్పిన ఐదు మాటలు. ఆకలి వేస్తే పాలు అనేవాడు, అది సరిపోయేది. నొప్పి వచ్చినా పాలే అనేవాడు. నా భార్యను దారం అని పిలిచాడు. ఒకరోజు తాళాల గుత్తి తెచ్చి ఆయన మొలతాడుకు కట్టి, ఇదేమిటి నాయనా అని అడిగాను. దాన్ని చెవి దగ్గర ఆడించి విని, "కిటికీ" అన్నాడు. తన పేరు, మా అమ్మ పేరు, నా పేరు, అరవై ఏళ్ళు వేళ్ళ మీద మోసిన ఉప్పూ పప్పూ అన్నీ పోయి, ఎవరివీ కాని ఈ ఐదూ ఆయనలో రాళ్ళలా మిగిలాయి. రాత్రి పూట కన్నా పగలే వాటిని వినడం కష్టంగా ఉండేది.

పోయే ముందు రోజు దుప్పటి కింద నా చెయ్యి పట్టుకున్నాడు. నా చిటికెన వేలు నొక్కి నా మొగంలోకి చూశాడు. ముందు నాకు తెలియలేదు. మళ్ళీ నొక్కాడు. "గొడుగు" అన్నాను. ఉంగరపు వేలు నొక్కాడు. "పాలు" అన్నాను. ఐదూ చెప్పించుకున్నాడు. సంచి సరిపోయిందన్నట్టు తల ఊపి, కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు.

కర్మకాండలన్నీ అయిన తరువాత ఆలూరు బస్సెక్కాను. వరండాలో అతను చెప్పిన వాళ్ళ ఊరికి రోడ్డు నుంచి లోపలికి నడవాలి. రెండు పక్కలా దున్ని వదిలేసిన చేలు, ఒక్క చెట్టు లేదు. దిగేటప్పటికే పొద్దు నెత్తి మీద ఉంది.

అతను ఇంటి ముందు తాడు పేనుతున్నాడు. నన్ను చూసి, "ఏం సావుకారీ, ఈడికొస్తివి?" అని అరుగు మీద చోటు చూపించాడు. నా గుండు చూసి నాయన పోయాడని తెలుసుకున్నాడు, అయ్యో అన్నాడు. తల్లి గడప లోపల మంచం మీద ఉంది. కాళ్ళ మీద దుప్పటి. చూపు బయటికే ఉంది. మాత్రలు ఆపి ఎన్నో నెలలు అయ్యాయి, ఇప్పుడు ఏమీ కనబడడం లేదని, తిండి తిని పడుకుంటుందని అతను చెప్పాడు. నేను నిలబడే చెప్పాను. నాయనకు కనబడిన గొడుగు మనిషి సంగతి, మొగం కనపడని సంగతి, అది అతను అడిగేనాటికే నాకు తెలుసన్న సంగతి. కుళాయి దగ్గర అన్న మాట అబద్ధమని చెప్పాను.

అతని చేతిలో తాడు ఆగింది. నన్ను కొడతాడేమో అనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను.

"ఆ పొద్దు నిజం సెప్పమని అడిగితి గదప్పా నిన్ను" అన్నాడు. ఆ మాట మెల్లగా అన్నాడు. తరువాత మళ్ళీ తాడు పేనడం మొదలుపెట్టాడు. నా వైపు ఇక చూడలేదు.

నేను వెళ్ళడానికి తిరిగాను. లోపల నుంచి ఆమె గొంతు వచ్చింది. "ఎండలో వచ్చినారు, ఇద్దరికీ నీళ్ళియ్యిరా."

అతను తల ఎత్తాడు. అక్కడ ఉన్నది నేను ఒక్కణ్ణే. అతని మొగంలో ఒక అలసట కనిపించింది, తగ్గిపోయిందనుకున్న జ్వరం మళ్ళీ చేతికి తగిలినప్పటి అలసట. లేచి లోపలికి వెళ్ళి రెండు చెంబులు తెచ్చాడు. ఒకటి నా చేతికి ఇచ్చాడు. రెండోది నా పక్కన, అరుగు మీద పెట్టాడు. నేను తాగాను. రెండో చెంబులో నీళ్ళు కదలకుండా ఉన్నాయి. వాటిలో ఆకాశం తప్ప ఏమీ లేదు.

"ఆయప్పను గొడుగు కొంచెం పైకి పట్టుకోమను" అంది ఆమె. "మొగం సూద్దాము."

నేను వాకిట్లో చెప్పిందంతా ఆమె వింది. విని అలా అంది, అంతే అయి ఉంటుంది. అప్పుడు నాయన అడిగితే నోటికొచ్చింది చెప్పాను, ఆ మనిషి వచ్చి మా కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఇప్పుడు నిజమే చెప్పాను. నిజం చెప్పి కూడా ఆ గొడుగు మనిషిని తెచ్చి ఇంకొకరి వాకిట్లో వదిలాను.

రోడ్డు దాకా వెనక్కి తిరిగి చూడకుండా నడిచాను. కాళ్ళ కింద నా నీడ ఒక్కటే, కురచగా ఉంది. బస్సు వచ్చింది, సగం ఖాళీ. ఇద్దరు కూర్చునే సీటు చూసుకొని, కిటికీ పక్కన చోటు వదిలి ఇవతల కూర్చున్నాను. కండక్టరు జరగమంటాడేమో అనుకున్నాను. అతను నా పక్కకు ఒకసారి చూసి, ఏమీ అనకుండా ముందుకు వెళ్ళిపోయాడు.